దూలం మూలిగితే వినేవాళ్లం

మా మనవడు షెడ్డు వేశాడు. నాలుగంటే నాలుగు రోజుల్లో. ఆదివారం గుంతలు తీశారు, సోమవారం పైపులు దిగాయి, బుధవారం సాయంత్రానికల్లా రేకులు బిగించేసి, మేస్త్రి డబ్బులు లెక్కపెట్టుకుని బండెక్కి వెళ్లిపోయాడు. గురువారం పొద్దున్న వాడు నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి "ఎలాగుంది తాతా?" అన్నాడు. నీలం రేకు, తళతళలాడే పైపులు. పెళ్లి విందులో ఐస్‌క్రీము పెట్టే చోటులా ఉంది. ఆ మాట పైకి అనలేదు. "బాగుంది బావూ" అన్నాను. మా కోడలు నా మొహం చూసి "మావయ్యగారికి నచ్చలేదు" అనేసి లోపలికెళ్లిపోయింది.

నచ్చకపోవడం కాదు. అడగాల్సినవి చాలా ఉన్నాయి. అడిగితే "ముసలోడు మళ్లీ మొదలెట్టాడు" అంటారు. అందుకే రాస్తున్నాను.

సరిగ్గా అదే చోట 1976లో నేను షెడ్డు వేశాను. ఇరవై అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడుగు. అప్పటికి నాకు పాతికేళ్లు. ఆమదాలవలసలో ఒక మెకానిక్కు దగ్గర ఆరేళ్లు నూనె చేతులతో తిరిగి పని నేర్చుకుని, ఆయిల్ ఇంజన్లూ కరెంటు మోటార్లూ బాగుచేస్తానని అరసవల్లి వచ్చి కూర్చున్నాను. నాగావళి పక్క పొలాలకు నీళ్లు తోడే కిర్లోస్కర్ ఇంజన్లు ఎడ్లబండి మీద వచ్చేవి. రైతు ఇంజన్ను దింపి వెళ్లిపోయేవాడు కాదు. అది మళ్లీ "టుక్ టుక్" అనేదాకా షెడ్డులోనే గుంజకు చేరగిలబడి చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. పెట్రోలు డబ్బా పక్కన చుట్ట! ఆ రోజులు అన్నీ మంచివని నేను అనను.

షెడ్డుకి కర్రా, ఇనుమా అన్న పేచీయే అప్పుడు లేదు. ఇనుము దొరకడమే గగనం. కర్ర పెరట్లో ఉండేది, పొలం గట్టు మీద ఉండేది, కాకపోతే శ్రీకాకుళంలో అడితికి వెళ్తే ఉండేది. మా చినగట్టు మీద తొమ్మిది తాడిచెట్లుండేవి. మా వడ్రంగి మావ (వరసకి మావ కాడు, ఊరందరికీ మావే) వచ్చి ఒక్కో చెట్టునీ గొడ్డలి వెనకతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. తొమ్మిదింటిలో నాలుగే పనికొస్తాయన్నాడు. "మిగతావి ఇంకా పసిగుంటలురా, చేవ దిగలేదు. ఒగ్గేయ్, నీ మనవడికి పనికొస్తాయి" అన్నాడు. మనవడికేమి పనికొచ్చాయి! ఆ గట్టే ఇప్పుడు లేఅవుటు అయిపోయింది.

తాడిచెట్టు తిరకాసు చెట్టు. మిగతా చెట్లకు చేవ లోపలుంటే, దీనికి బయట ఉంటుంది. పైన నల్లటి పీచు, ఇనుపకడ్డీలు కట్టగట్టినట్టు. లోపలంతా మెత్తటి గుజ్జు. నిలువునా చీల్చి, ఆ గుజ్జంతా బాడిసతో చెక్కేస్తే వాసం వస్తుంది. ఆ గుజ్జు కొంచెం మిగిలినా పురుగుకు పండగే. అమావాస్య ముందు రోజుల్లో కొడితే పురుగు పట్టదనేవాడు మావ. చంద్రుడి సంగతి నాకు తెలీదు గాని, చెరువు సంగతి తెలుసు. కొట్టిన కర్రను రెండు నెలలు చెరువు బురదలో తొక్కేసేవాళ్లు. కర్రలోని తీపి, పిండి నీటిలో కలిసిపోయి పురుగుకు తినడానికేమీ మిగలదు. తీసిన రోజు ఆ కంపు వర్ణించలేను. మా ఆవిడ మూడు రోజులు నన్ను ఇంట్లోకి రానివ్వలేదు, అరుగు మీదే అన్నం పెట్టింది. తర్వాత నీడలో మరో రెండు నెలలు ఎండాలి. ఎండలో పెడితే నెరియలిస్తుంది.

దూలానికి తాడి చాలదన్నాడు. ఇంజను వేలాడదీసే దూలం కదా! పార్వతీపురం వైపు నుంచి వచ్చిన మద్ది మొద్దు ఒకటి అడితిలో కనబడితే, మావ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు, గుడి చుట్టూ తిరిగినట్టు. కొన్నాం. బండి మీద వేసుకుని వస్తుంటే ఏడు రోడ్ల కూడలిలో టీ కొట్టువాడు "ఎవరింట్లో పెళ్లి పందిరి?" అని అడిగాడు.

మొత్తం షెడ్డులో ఇనుము తూకం వేస్తే నాలుగు కిలోలు ఉండదు. కూసూ బెజ్జమూ కలిపి, కర్ర చీల దిగ్గొట్టి బిగించేవాడు మావ. కూసు బెజ్జంలో సులువుగా దూరితే కోపం వచ్చేది ఆయనకి. "బేగి దూరిందంటే బేగి ఊడుతుంది" అనేవాడు. తీసి, మళ్లీ చెక్కి, కొత్తది పెట్టేవాడు. గుంజల్ని మట్టిలో పాతనివ్వలేదు. టెక్కలి వైపు రాయి కొట్టించి ఎనిమిది దిమ్మలు తెప్పించి, దిమ్మ నడుమ గుంట తొలిపించి, దాంట్లో గుంజ నిలబెట్టాడు. "కర్రకి తడైతే ఒప్పే. ఎండైతే ఒప్పే. తడీ ఎండా రెండూ ఒకే చోట కలిస్తేనే చచ్చిపోతుంది. అది నేల మట్టం దగ్గర" అన్నాడు. ఆ మాట ఏ పుస్తకంలో చదివాడో! ఆయనకు చదువు రాదు.

ఇక చెదలు. దానికి మందు మా అత్తవారి ఊరు పలాస నుంచి వచ్చింది. జీడిపిక్కలు కాల్చే బట్టీల్లో తొక్కల నుంచి కారే నూనె, నల్లగా, చిక్కగా, తారులా ఉంటుంది. చేపల పడవలకూ అదే పూసేవారు. గుంజలకూ దూలానికీ రెండు పూతలు పూశాం. చేతికి తగిలిన చోటల్లా బొబ్బలెక్కి చర్మం ఊడొచ్చింది. నా ఎడమ ముంజేతి మీద మచ్చ ఇంకా ఉంది, చూపిస్తే మా మనవడు "రసాయనిక దాడి" అని నవ్వుతాడు. కాని ఏడాదికోసారి, రథసప్తమికి వారం ముందు, గుంజ మొదళ్లకి ఆ నూనె పూయడం నేను నలభై ఏళ్లు మానలేదు. ఊరంతా దేవుడి కోసం సున్నాలు వేసుకుంటుంటే నేను గుంజలకు నలుపు పూసేవాణ్ణి.

ఇలా చెట్టు కొట్టడం నుంచి కప్పు వేసేదాకా తొమ్మిది నెలలు. మా పెద్దాడూ, షెడ్డూ కడుపులో పడ్డది ఒకసారే, బయటికొచ్చిందీ ఇంచుమించు ఒకసారే.

ఇప్పుడు? మేస్త్రి ఫోనులో "సైజెంత?" అని అడిగాడు. చెప్పగానే "లక్షా ఎనభై" అన్నాడు. అంతే. నేల చూడలేదు, గాలి ఎటు నుంచి వస్తుందో అడగలేదు, లోపల ఏం పని చేస్తారో కనుక్కోలేదు. లోపల మోటారు సైకిళ్లు బాగుచేస్తారా, కారు పెట్టుకుంటారా, కోళ్లు పెంచుతారా, అన్నిటికీ ఒకటే రేటు.

నా దూలం కథ చెప్పాలి. దానికి చైన్ బ్లాకు వేలాడదీసి ఇంజన్లు ఎత్తేవాణ్ణి. బరువు మించితే దూలం మూలిగేది. నిజంగా మూలుగే, ముసలమ్మ మోకాలు పట్టుకుని లేచినట్టు "మ్‌మ్" అని. ఆ చప్పుడు వినగానే పనివాళ్లు చెయ్యి ఆపేవారు, నేను "దింపేయండర్రా" అనేవాణ్ణి. కర్ర చెప్పి మరీ విరుగుతుంది. పైపు అలా కాదు. పల్చటి బాక్సు పైపు మోసినంతసేపూ నోరు మెదపదు, ఒక్క క్షణంలో మడతపడుతుంది. ఈ మాట నేను అంటే మా మనవడు "అందుకే లెక్కలేసి కట్టాలి తాతా" అన్నాడు. నిజమే. మరి లెక్క ఎవడేశాడు? మేస్త్రి వేశాడా? ఆయన వేసింది డబ్బు లెక్క.

అయితే నా కర్ర గొప్పలు నేనే చెప్పుకుంటే సరిపోదు. 1981 ఏప్రిల్లో షెడ్డు కాలింది. అప్పటికి పైన తాటాకు కమ్మలే. ఒక రైతు నాగలి కర్రు విరిగిందని తెస్తే, పక్కన గ్యాసు వెల్డింగు చేయిస్తున్నాను. నిప్పురవ్వ ఎగిరి చూరులో పడింది. మేం బావి దగ్గరకు పరిగెత్తి తిరిగొచ్చేలోపు కప్పు సగం లేదు. ఊళ్లో ఆడవాళ్లు బిందెలతో, కుండలతో వచ్చి పక్క ఇళ్లు అంటుకోకుండా ఆపారు, అది వాళ్ల పుణ్యం. తప్పు నాదే, ఇంకెవరిమీదా పెట్టలేను. ఒక విచిత్రం ఏమంటే, కమ్మలు బుగ్గి అయ్యాయి, తాటి వాసాలు మూడొంతులు పోయాయి, మద్ది దూలం మాత్రం పైపైన మాడి నిలబడింది. బొగ్గు చెక్కేస్తే లోపల కర్ర ఎర్రగా, కొత్తగా ఉంది. మా మేనల్లుడు ఇంజినీరు. లావుపాటి కర్ర నిమిషానికి మిల్లీమీటరులో ముప్పాతిక కన్నా తక్కువే మాడుతుందనీ, మాడిన బొగ్గే లోపలి కర్రకు దుప్పటి అవుతుందనీ, ఇనుము మాత్రం 600 డిగ్రీల దగ్గర సగం బలం పోగొట్టుకుని వంగిపోతుందనీ వాడు చెప్పాడు. నేను ఆ మాట పట్టుకుని ఏడాదిపాటు అందరికీ చెప్పాను. వాడు చివర్లో అన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు: "కాని మామయ్యా, ఇనుప షెడ్డు అసలు అంటుకోదు కదా!"

ఆ ఏడే బెంగుళూరు పెంకు వేయించాను.

కర్ర ఎందుకు పోయింది అని నన్నడిగితే, ఇష్టం లేక పోలేదు, దొరక్క పోయింది అంటాను. మా తాతల కాలంలో రంగం టేకు అనేవారు. ఇక్కడి జనం కూలికీ నాలికీ రంగూను వెళ్లేవాళ్లు, అక్కడి టేకు ఓడల్లో ఇటు రేవులకు వచ్చేది. ఇప్పటికీ ఈ చుట్టుపక్కల పాత లోగిళ్లలో గుమ్మం మీద చెయ్యేస్తే చల్లగా తగులుతుంది ఆ కర్ర. 1942లో జపాను వాళ్లు బర్మా మీద పడడంతో మనవాళ్లు కాలినడకన తిరిగొచ్చారు, టేకు ఆగిపోయింది. తర్వాత మన మన్యం కర్ర, ఒరిస్సా కర్ర. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో అడవులు నరకడం మీద గట్టి ఉత్తర్వులిచ్చింది. అనుమతి లేని రంపపు మిల్లులు మూతపడ్డాయి. ఆ ఉత్తర్వు తప్పని నేననను. కొండలు బోడి గుండ్లయిపోతుంటే ఎవరో ఒకరు ఆపాలి కదా. కాని ఆ తర్వాత అడితికి వెళ్తే మలేషియా సాల్ అంటాడు, ఆఫ్రికా టేకు అంటాడు. నా ఊరి షెడ్డుకు ఆఫ్రికా కర్ర! టేకు ఘనపుటడుగు ధర చెప్తే నా చెవిలో రంపం పెట్టినట్టుంది. ఆ డబ్బుతో బొబ్బిలి వెళ్లి ఏకాండి పనస వీణ కొనుక్కుని షెడ్డులో కూర్చుని వాయించుకోవచ్చు.

వడ్రంగి మావ పోయి ఇరవై ఏళ్లయింది. ఆయన కొడుకులు హైదరాబాదులో ఉన్నారు, ప్లైవుడ్డు కోసి వంటింటి అలమరలు బిగిస్తారు. పెద్దవాణ్ణి ఓసారి "కూసు పెట్టగలవా?" అని అడిగితే "స్క్రూ ఉండగా ఎందుకు పెదనాన్నా?" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం.

ఇనుము మీద నాకు పగ లేదు. 1966లో నేను స్కూల్లో ఉండగా 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని అరిచినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రోజు లెక్కల పరీక్ష ఎగ్గొట్టాలన్నదీ ఒక కారణం అనుకోండి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. 1992లో పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశాడు. ఇరవై ఏళ్లు పట్టింది! నా షెడ్డుకి తొమ్మిది నెలలంటే నవ్వినవాళ్లున్నారు. అయితే ఒకటి. ఆ ఫ్యాక్టరీలో కడ్డీలు, యాంగ్లర్లు, ఛానళ్లు, దూలాలు, తీగ చుట్టలు తయారవుతాయి. రేకు తయారుకాదు. మా మేస్త్రి నీలం రేకు మీద తట్టి "వైజాగ్ స్టీలు తాతగారూ, పక్కా" అన్నాడు. నేను నవ్వితే నా పళ్లు ఊడినందుకు నవ్వుతున్నాననుకున్నాడు.

రేకు మీద పూత సంగతి కూడా అడిగాను. జింకు పూత చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్క ఉంటుంది. 120 గ్రాములదీ ఉంటుంది, 275 గ్రాములదీ ఉంటుంది, చూపుకు రెండూ ఒకటే. అల్యూమినియం 55 శాతం, మిగతా జింకు, కొంచెం సిలికాను కలిపిన పూత ఇంకొకటి ఉంది, అది ఉప్పుగాలికి ఇంకా ఆగుతుంది. "ఇది ఎన్ని గ్రాములది?" అంటే కొట్టువాడు నా వైపు, నేను బంగారం కొట్టనుకుని వచ్చినట్టు చూశాడు. "కలరు కావాలా తాతా, ప్లెయినా?" అన్నాడు. రంగులు ఏడున్నాయట.

ఇక్కడ ఉప్పు ఉంది, అది వాళ్లకి కనబడదు. కళ్లేపల్లి దగ్గర నాగావళి సముద్రంలో కలుస్తుంది. అక్కడి నుంచి మా ఊరికి గాలి రావడానికి బస్సు ఎక్కక్కర్లేదు. తుప్పు రేకు నడుమ మొదలవదు. వెల్డింగు వేసిన చోట పూత కాలిపోతుంది, అక్కడ. పైపు కోసిన మూతి దగ్గర. స్క్రూ చుట్టూ. గుంజ సిమెంటులోకి దిగిన మట్టం దగ్గర. అదే మట్టం! మావ కర్ర గురించి చెప్పిన చోటే ఇనుమూ చస్తుంది. తడీ గాలీ కలిసే చోట. పైపు మూతి తెరిచి వదిలేస్తే వాన లోపలికి దిగి, బయట పెళ్లికొడుకులా మెరుస్తూ, లోపల కుళ్లిపోతుంది. కర్ర కుళ్లితే గోటితో గీకినా తెలుస్తుంది, ఇది తెలీదు.

గాలి మాటకొస్తే మా ప్రాంతంలో ఎవరూ గొప్పలు పోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడినప్పుడు గంటకు 170, 180 కిలోమీటర్ల గాలికి అక్కడి విమానాశ్రయం పైకప్పే చిరిగిపోయింది. అంతమంది ఇంజినీర్లు కట్టిన ఇనుప కప్పు! ఆ రోజు నా షెడ్డు మీద రెండొందల పెంకులు లేచాయి, ఒకటి మా గేదె కొమ్ముకు తగిలింది, అంతకుమించి నష్టం లేదు. నేను వారం రోజులు మీసం దువ్వుకుంటూ తిరిగాను. పక్క వీధిలో ఒకాయన కర్ర సాల అదే గాలికి బోర్లా పడిపోయింది. గుంజలు మట్టిలో పాతినవి, మొదళ్లు ఎప్పుడో చెక్కపొడి అయిపోయాయి. ఆ సంగతి నేను మాట్లాడలేదు.

తర్వాత 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరీ జీడీ నేలమట్టమయ్యాయి. రెండు రోజులకు దారి తెరుచుకున్నాక మా బామ్మర్ది దగ్గరికెళ్లాను. వాడి జీడి గోదాముకి కొత్తగా రేకు వేయించాడు, చవగ్గా. గోదాము గోడలున్నాయి, ట్రస్సులున్నాయి, కప్పు లేదు. ఒక రేకు నూరు గజాల అవతల కొబ్బరి మొద్దు చుట్టూ చీర చుట్టినట్టు చుట్టుకుపోయింది. ఇద్దరం లాగినా రాలేదు. నేను కింద పడిన బోల్టులు ఏరాను. జె-బోల్టులు ఒక్కటీ విరగలేదు. రేకే, వాషరు దగ్గర కాగితంలా చిరిగి ఊడి వచ్చింది. పది అడుగుల రేకుకి కొసల్లో ఒకటి, నడుమ ఒకటి పెట్టి మమ అనిపించారు.

మా మేనల్లుడు ఆ రాత్రి లాంతరు వెలుగులో లెక్క చెప్పాడు, కరెంటు లేదుగా. మన తీరం సెకనుకు 50 మీటర్ల గాలి మండలంలో ఉందట, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల పెట్టు పెడుతుంది. మనం అనుకున్నట్టు కప్పుని కిందకి తొక్కదు, పైకి పీల్చుతుంది. చూరు దగ్గర, మూలల్లో ఇంకా ఎక్కువ. అర మిల్లీమీటరు రేకు చదరపు మీటరు తూకం ఐదు కిలోలు లేదు. "చూశావా, అందుకే పెంకు" అన్నాను నేను. "మీ పెంకు నలభై కిలోలు మామయ్యా, నూటయాభై ముందు ఐదైతేనేం, నలభైయైతేనేం. బరువు కాదు, కట్టు కావాలి" అన్నాడు. నేను పడుకుంటానని చెప్పి లేచిపోయాను. నిద్ర పట్టలేదు. నా దూలం, గుంజలు, చీలలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి సరే, ఆ ఎనిమిది గుంజల్నీ రాతి దిమ్మకు పట్టి ఉంచేదేమిటి? గుంజ గుంటలో కూర్చుని ఉంది, అంతే. బరువు మీద నిలబడింది. హుద్‌హుద్ పెంకులు పీక్కుని పోకపోతే, కప్పు మొత్తం ఒక్క పళాన లేచిపోయేదేమో! ఊరు తిరిగొచ్చి మర్నాడే ప్రతి గుంజకీ దిమ్మకీ ఇనుప పట్టీ వేయించాను. ఎవరికీ కారణం చెప్పలేదు.

ఇదీ సంగతి. నేను కర్రవాదినని ఊరంతా అనుకుంటారు. మా మనవడు ఇనుము అన్నప్పుడు నేను రెండు నెలలు పోట్లాడింది కర్ర కోసం కాదు. లోపల వెల్డింగు ఉంటుంది, పెట్రోలు ఉంటుంది, కారు ఉంటుంది. ఇనుమే సరి, నాకూ తెలుసు. పాత షెడ్డు వాసాలను చివరికి పురుగు తినేసింది, నా మోకాళ్లు పోయాక మూడేళ్లుగా నూనె పూసేవాడు లేడు. కర్ర ఏడాదికోసారి మన చెయ్యి అడుగుతుంది, ఇస్తే ఉంటుంది. ఇనుమైతే ఏమీ అడగదు, వేశాం మర్చిపోయాం అంటాడు వీడు. ఆ 'మర్చిపోయాం' దగ్గరే నాకు మండుతుంది. ఇనుమూ అడుగుతుంది, దానికి నోరు లేదు, అంతే తేడా.

పోట్లాడి కొన్ని సాధించాను. మేస్త్రి 18 గేజి పైపు తెస్తే తిప్పి పంపి 16 గేజి తెప్పించాను. గుంజని సిమెంటులో పాతుతానంటే పాతనివ్వలేదు. నేల మీద అడుగెత్తు దిమ్మ, దాంట్లో బోల్టులు, పైన ప్లేటు. దిమ్మ కట్టించేటప్పుడు మావ గుర్తొచ్చాడు. మూలల్లో అడ్డంగా ఏటవాలు పైపులు వేయించాను, లేకపోతే గాలికి అగ్గిపెట్టెలా పక్కకు వాలిపోతుంది. చూరు దగ్గర స్క్రూలు రెట్టింపు పెట్టించాను. మోటార్లు నడిపేది ఇనుప గుడారంలో కదా, ఎర్తింగు వేయించమన్నాను. దానికి మేస్త్రి "కరెంటోడి పని బావుగారూ" అన్నాడు. కరెంటువాడు "మేస్త్రి చెప్పలేదే" అన్నాడు. మధ్యలో నేను గొయ్యి తవ్వించాను.

సాధించలేనివీ ఉన్నాయి. వేడి. మా ఊరి సూర్యదేవుడి పాదాల మీద మార్చిలో, అక్టోబరులో మాత్రమే కిరణాలు పడతాయి, అవి చూడ్డానికి తెల్లారకముందే జనం బారులు తీరుతారు. మా మనవడి షెడ్డులో ఏడాది పొడుగునా మధ్యాహ్నం పన్నెండింటికి స్వామి నేరుగా నెత్తి మీదే దిగుతాడు, ఏ బారూ అక్కర్లేదు. పెంకు సందుల్లోంచి వేడి పైకి పోయేది, చూరు కింద మూడడుగుల నీడ ఉండేది, రైతులు అందులో కునుకు తీసేవారు. ఈ రేకుకు చూరు జానెడు. "చూరు పెంచరా" అంటే "స్థలం వేస్టు తాతా" అన్నాడు. కప్పు మీద తిరిగే గుండ్రటి గాలి బుడ్డీలు రెండు పెట్టిస్తానన్నాడు, తర్వాత. ఈ 'తర్వాత' ఎప్పుడో నాకు తెలుసు.

వాన చప్పుడు ఇంకొకటి. మొన్న సాయంత్రం జల్లు పడింది. షెడ్డులో ఎవరికో ఫోను వచ్చింది, వాడు బయటికొచ్చి వానలో తడుస్తూ మాట్లాడాడు. లోపల వినపడదట.

మద్ది దూలం పారేస్తామన్నారు. ఎవరో హోటలువాడు పొయ్యిలోకి అడిగాడట, మూడు వేలిస్తానన్నాడు. నేను ఆ రోజు అన్నం తినలేదు. మా కోడలే మనవడితో మాట్లాడింది. అడ్డంగా రెండు ముక్కలు కోసి, ఇనుప కాళ్లు వెల్డింగు చేసి, పని బల్ల చేశాడు. వైసు దాని మీదే బిగించాడు. కోస్తున్నప్పుడు రంపం బ్లేడ్లు రెండు పోయాయి. మిల్లులో కుర్రాడు తిట్టుకుంటుంటే విని నాకు ఎంత తృప్తో! బల్ల ఒక పక్క ఇప్పటికీ 1981 మసి ఉంది, వాడు సాండు పేపరు పట్టబోతే చెయ్యి పట్టుకున్నాను. చైన్ బ్లాకు గొలుసు రాసుకుని పడిన గాడి ఇంకో పక్క. మా మనవడు ఇప్పుడు స్క్రూడ్రైవర్లు దొర్లిపోకుండా ఆ గాడిలో పెట్టుకుంటున్నాడు.

ఒక్కటి మాత్రం మిగిలింది. వెనక వైపు మూడో గుంజ పైపు మూతి మూయలేదు. రేకుకీ పైపుకీ మధ్య జానెడు పైకి నోరు తెరుచుకుని ఉంది. మేస్త్రికి ఫోను చేస్తే "రేపొస్తాను తాతగారూ" అన్నాడు, పది రోజులైంది. మా మనవడు "చిన్న బొక్కే కదా" అంటాడు. కొట్టు నుంచి ప్లాస్టిక్ మూత తెప్పించి లుంగీ మడతలో పెట్టుకున్నాను, నిచ్చెన గోడకు ఆనించే ఉంది. రేపు శుక్రవారం, మా కోడలు గుడికి వెళ్తుంది, ఓ గంట రాదు.